నో డౌట్‌కి పట్టిన శని: "రిటర్న్ ఆఫ్ శాటర్న్" కథ

ఈ ఎపిసోడ్ మా అమ్మతో మొదలుపెట్టాలి, తప్పదు.

నాకు ఇప్పుడు 29 ఏళ్లు. పోయినేడాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ వీడియోల్లోకి వచ్చాను. పెళ్లి కాలేదు. ఈ మూడు ముక్కలూ కలిపి మా అమ్మ వెళ్లి సిద్ధాంతిగారికి చెప్తే, ఆయన పంచాంగం తిరగేసి ఒకే మాట అన్నారంట: "ఏలినాటి శని తల్లీ." ఇంకేముంది, ఆ వారమే మందపల్లి ప్రయాణం. మందేశ్వరస్వామికి తైలాభిషేకం చేయించి, చేతులకి నువ్వుల నూనె వాసనతో కార్లో తిరిగొస్తూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ప్లేలిస్ట్‌లో వచ్చిన ఆల్బమ్ పేరేంటో తెలుసా? "రిటర్న్ ఆఫ్ శాటర్న్". శాటర్న్ అంటే శని గ్రహం. శని తిరిగి రావడం! నేను నవ్విన నవ్వుకి అమ్మ కంగారుపడింది. "ఏమైందే?" అంది. "ఏం లేదమ్మా, అమెరికాలో ఒకావిడకి కూడా పట్టిందంట" అన్నాను.

ఆవిడ గ్వెన్ స్టెఫానీ. బ్యాండ్ పేరు నో డౌట్. ఆల్బమ్ 2000 ఏప్రిల్ 11న వచ్చింది. చాలామంది దీన్ని "పెద్ద హిట్ తర్వాత తేలిపోయిన ఆల్బమ్" అని ఒక లైన్లో చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం ఆ బ్యాండ్ చేసినవాటిలో ఇదే ఎక్కువ ఇష్టం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు స్కా అంటే ఏంటో రెండు నిమిషాల్లో చెప్పేస్తా. 1950ల చివర జమైకాలో పుట్టిన సంగీతం ఇది. మన దగ్గర డప్పుకి అడుగు వేసేటప్పుడు దెబ్బ పడే చోట కాలు పడుతుంది కదా. స్కాలో గిటార్ ఏం చేస్తుందంటే, కాలు పడే చోట ఊరుకుని, కాలు లేచే చోట "చక్" అంటుంది. ఒకటి-చక్, రెండు-చక్, మూడు-చక్. దానిమీద ట్రంపెట్, ట్రాంబోన్. వింటే కూర్చోబుద్ధి కాదు. ఇదే తర్వాత నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, ఇంకా నెమ్మదించి రెగే అయింది. జమైకా నుంచి వలస వెళ్లినవాళ్లతో ఇంగ్లాండ్ చేరింది. 1979లో అక్కడ ద స్పెషల్స్, మ్యాడ్‌నెస్ లాంటి బ్యాండ్లు దాన్ని మళ్లీ లేపాయి. ఆ మ్యాడ్‌నెస్ రికార్డులు విని పిచ్చెక్కిపోయిన అన్నాచెల్లెళ్లు కాలిఫోర్నియాలో ఇద్దరు ఉన్నారు: ఎరిక్ స్టెఫానీ, గ్వెన్ స్టెఫానీ. ఊరు అనాహైమ్. డిస్నీలాండ్ ఉన్న ఊరు.

1986లో బ్యాండ్ మొదలైంది. అప్పుడు ముందు నిలబడి పాడేవాడు జాన్ స్పెన్స్ అనే కుర్రాడు, గ్వెన్ పక్కన పాడేది. 1987 డిసెంబర్‌లో జాన్ ఆత్మహత్య చేసుకున్నాడు. బ్యాండ్ దాదాపు ఆగిపోయింది. తర్వాత మళ్లీ నిలబడింది, కొంతకాలానికి గ్వెన్ మైక్ ముందుకొచ్చింది.

అదే 1987లో బేస్ గిటార్ వాయించడానికి ఇంకో కుర్రాడు చేరాడు. టోనీ కనాల్. పుట్టింది లండన్‌లో, అమ్మానాన్నలది ఇండియా. అవునండీ, మనవాళ్లే. 90ల్లో గ్వెన్ నుదుటన బొట్టు పెట్టుకుని అమెరికా టీవీల్లో కనిపించేది, మీరు ఆ ఫొటోలు చూసే ఉంటారు. అది టోనీ వాళ్ల అమ్మగారిని చూసి అలవాటైనది. తర్వాత రోజుల్లో "మా సంస్కృతిని ఫ్యాషన్ చేసుకున్నావు" అని విమర్శలు కూడా వచ్చాయి. అది వేరే ఎపిసోడ్ అంత పెద్ద గొడవ, ఇప్పుడు వద్దు. మనకి కావాల్సింది ఏంటంటే, టోనీ, గ్వెన్ ఏడేళ్లు ప్రేమించుకున్నారు. తర్వాత టోనీ వద్దనుకున్నాడు. విడిపోయారు. కానీ బ్యాండ్ మాత్రం విడిపోలేదు.

ఒక్కసారి ఊహించుకోండి. బ్రేకప్ అయింది. మనమైతే ఏం చేస్తాం? బ్లాక్ చేస్తాం, స్టేటస్ హైడ్ చేస్తాం. వీళ్లు అదే గదిలో, రోజూ, ఆ బ్రేకప్ గురించే పాటలు వాయించారు. ఆమె అతని గురించి పాడుతుంటే అతను పక్కన నిలబడి బేస్ వాయించాడు. అదే సమయంలో ఇంట్లో ఇంకో దెబ్బ. అప్పటిదాకా పాటలు ఎక్కువగా రాసింది అన్న ఎరిక్. ఆయన బ్యాండ్ వదిలేసి "ద సింప్సన్స్" కార్టూన్‌కి యానిమేటర్‌గా వెళ్లిపోయాడు. రాసేవాడు పోయాడు, ప్రేమించినవాడు పోయాడు. గ్వెన్ పెన్ను పట్టుకోక తప్పలేదు.

1992లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ సుమారు 30 వేల కాపీలు అమ్ముడైంది. ఆ లెక్కలో అది ఫ్లాపే. 1995 అక్టోబర్‌లో "ట్రాజిక్ కింగ్‌డమ్" వచ్చింది. డిస్నీలాండ్‌ని "మ్యాజిక్ కింగ్‌డమ్" అంటారు కదా, దానిమీద వెటకారం ఆ పేరు. మొదట "జస్ట్ ఎ గర్ల్", తర్వాత "స్పైడర్‌వెబ్స్", తర్వాత "డోంట్ స్పీక్". ఈ మూడోది ప్రపంచాన్ని ఊపేసింది. అమెరికా రేడియో చార్టులో 16 వారాలు నంబర్ వన్. విచిత్రం ఏంటంటే, ఆ పాటని విడిగా సింగిల్‌గా అమ్మలేదు కాబట్టి అప్పటి రూల్స్ ప్రకారం మెయిన్ చార్టు అయిన హాట్ 100లో అసలు పేరే లేదు. ఆల్బమ్ రిలీజైన ఏడాదికి పైగా గడిచాక, 1996 డిసెంబర్‌లో బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో నంబర్ వన్‌కి చేరింది. చివరికి ఒక్క అమెరికాలోనే కోటి దాటింది.

రెండేళ్లకు పైగా టూర్. ప్రతి రాత్రీ అదే బ్రేకప్ పాట, అదే మాజీ లవర్ పక్కన. పైగా పత్రికల కవర్ మీద గ్వెన్ ఒక్కతే. మిగతా ముగ్గురు, అంటే టోనీ, గిటార్ వాయించే టామ్ డ్యుమాంట్, డ్రమ్స్ మీద ఏడ్రియన్ యంగ్, ఫొటో అంచుకి వెళ్లిపోయారు. "డోంట్ స్పీక్" వీడియో చూడండి, ఆ కుళ్లుని దాచకుండా అందులోనే చూపించారు. ఫొటో షూట్ సీన్ గమనించండి.

సరే, టూర్ అయిపోయింది. ఇప్పుడు ఏం చెయ్యాలి?

మన సినిమావాళ్లు దీనికి మంచి మాట వాడతారు: ద్వితీయ విఘ్నం. లెక్క ప్రకారం వీళ్లకిది రెండో ఆల్బమ్ కాదు, కానీ జనానికి తెలిసినంతలో రెండోదే. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో బ్రహ్మాండంగా నడుస్తున్న కోడ్ అది, దాన్ని ముట్టుకోవడానికి ఎవడికీ ధైర్యం ఉండదు. కాపీ చేసి పేరు మార్చి పంపేద్దాం అంటారు. నాకిది చిన్న సైజులో అనుభవమే. ఈ ఛానెల్లో ఒక్క ఎపిసోడ్ బాగా పోయింది, ఇప్పటికీ ప్రతి వీడియో కింద "అలాంటిదే ఇంకోటి చెయ్యి అక్కా" అని కామెంట్లు. ఒకసారి చేశాను కూడా. ఎడిటింగ్‌లో నా మొహం నేనే చూడలేకపోయాను, నవ్వు నాది కాదు. దాన్ని పోస్ట్ చెయ్యకుండా డిలీట్ చేశాను.

నో డౌట్‌కి అలాంటిదే ఇంకోటి చేసే అవకాశం లేకుండా పోయింది, ఎందుకంటే ఆ మంట ఆరిపోయింది. టోనీ మీద కోపం పోయింది. గ్వెన్‌కి కొత్త మనిషి ఉన్నాడు, బుష్ అనే బ్రిటిష్ బ్యాండ్ సింగర్ గావిన్ రాస్‌డేల్. 1996లో రెండు బ్యాండ్లూ కలిసి టూర్ చేసినప్పుడు పరిచయం. అతనుండేది లండన్, ఈవిడ కాలిఫోర్నియా. ఇద్దరూ టూర్లలోనే. సెల్‌ఫోన్లే సరిగా లేని రోజుల్లో లాంగ్ డిస్టెన్స్.

1999లో "న్యూ" అనే పాట ఒకటి ముందు బయటికొచ్చింది, "గో" అనే సినిమా కోసం. టాకింగ్ హెడ్స్‌లో వాయించిన జెర్రీ హారిసన్ ప్రొడ్యూసర్. కీబోర్డులతో 80ల వాసన కొట్టే పాట. కొత్త ప్రేమలో ఉండే ఆ గాబరా. ఈ పాట విన్నవాళ్లు సరే, రాబోయేదంతా ఇంత హుషారుగా ఉంటుంది అనుకుని ఉంటారు. కాదు. మిగతా ఆల్బమ్ గ్లెన్ బల్లార్డ్‌తో చేశారు. ఈయన ఎవరంటే, అలానిస్ మోరిసెట్ "జ్యాగ్డ్ లిటిల్ పిల్" చేసినాయన. ఒక ఆడపిల్ల మనసులో ఉన్నది మొహమాటం లేకుండా చెప్తే కోట్లమంది వింటారని 1995లోనే చూపించిన ఆల్బమ్ అది. కాబట్టి ఆ ఎంపిక ఊరికే జరిగింది కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు శని దగ్గరికి వద్దాం. శని గ్రహం సూర్యుడి చుట్టూ ఒక చుట్టు తిరగడానికి సుమారు 29న్నర ఏళ్లు పడుతుంది. మనవాళ్లు అందుకే నెమ్మదిగా నడిచేవాడని శనైశ్చరుడు అన్నారు. పన్నెండు రాశులు, ఒక్కోదాంట్లో దాదాపు రెండున్నరేళ్లు. మన ఏలినాటి శని లెక్క జన్మరాశిని బట్టి: ముందు రాశి, జన్మరాశి, తర్వాత రాశి, మొత్తం ఏడున్నరేళ్లు. పాశ్చాత్యుల లెక్క వేరే. మీరు పుట్టినప్పుడు శని ఆకాశంలో ఎక్కడున్నాడో, ఒక చుట్టు పూర్తి చేసి మళ్లీ అక్కడికే వచ్చే సమయాన్ని "శాటర్న్ రిటర్న్" అంటారు. అంటే అందరికీ 29, 30 ఏళ్ల దగ్గర. అప్పుడు నిన్ను నువ్వు లెక్క చెప్పుకోవాల్సి వస్తుంది, ఏం చేశావు, ఏం మిగిలింది అని. నేను వీటిని నమ్ముతానా అంటే, నూనె పోసొచ్చిన దాన్ని, నన్నడక్కండి. గ్వెన్ 1969 అక్టోబర్ 3న పుట్టింది. ఆల్బమ్ వచ్చేటప్పటికి ఆమెకి ముప్పై దాటి ఆరు నెలలు. లెక్క సరిపోయింది.

ముప్పై ఏళ్ల రాక్ స్టార్. జుట్టుకి గులాబీ రంగు. స్టేజ్ మీద పుషప్స్ తీసే మనిషి. "జస్ట్ ఎ గర్ల్" అంటూ ఆడపిల్లని అని నన్ను తక్కువ చెయ్యకండి అని అరిచిన గొంతు. ఆవిడ ఈ ఆల్బమ్‌లో ఏం అడిగిందో తెలుసా? పెళ్లి. ఇల్లు. బిడ్డ.

"మ్యారీ మీ" అని ఏకంగా ఒక పాట పేరే పెట్టారు. "సిక్స్ ఫీట్ అండర్" అనే పాటలో గర్భనిరోధకాల దాకా వెళ్లింది. అన్నిటికంటే "సింపుల్ కైండ్ ఆఫ్ లైఫ్". ఇది గ్వెన్ ఒక్కతే కూర్చుని రాసిన పాట, వేరే ఎవరి చెయ్యీ లేదు. అందులో ఆమె చెప్పేది చాలా మామూలు విషయం. చిన్నప్పటినుంచీ ఒక మామూలు సంసారం కావాలనుకుంది, అమ్మని అవుతాననుకుంది. ఇంతలో స్వేచ్ఛ దొరికింది, దాని రుచి తెలిసింది, ఇప్పుడు దాన్ని వదలడం తన వల్ల కావట్లేదు. ఒకచోట, పొరపాటున గర్భం వస్తే బాగుణ్ణు అని కూడా మనసులో అనుకుంటానని చెప్పేస్తుంది. ఇంకా తనలో ఉన్న స్వార్థాన్ని కూడా తనే ఒప్పుకుంటుంది. ఎవరి మీదా నింద వెయ్యదు. వీడియోలో పెళ్లి గౌను వేసుకుని, పెద్ద కేకు పక్కన తిరుగుతూ ఉంటుంది. అక్కడ పెళ్లికొడుకు గురించి కంటే ఆ గౌను గురించే నాకు బెంగ వేస్తుంది.

ఇది 2000లో అమెరికాలో చెప్పడం తేలిక కాదు. ఒకవైపు ఇండిపెండెంట్ అమ్మాయిలకి ఆవిడ ఐకాన్. "నువ్వు కూడా చివరికి పెళ్లేనా?" అంటారు. ఇంకోవైపు పాతకాలంవాళ్లు "మేం ముందే చెప్పాంగా" అంటారు. రెండు వైపులా తిట్టించుకునే మాట అది. మా అమ్మకి నేను ఎప్పుడూ చెప్పలేని మాట కూడా అదే. పెళ్లి వద్దు అని నేను అనడం లేదమ్మా, ఇది కూడా కావాలి, అది కూడా కావాలి, రెండూ ఒకే ఇంట్లో పడతాయో లేదో తెలియట్లేదు, అంతే. ఇంత పొడుగు వాక్యం భోజనం దగ్గర చెప్పలేం కదా. "చూద్దాంలే" అని ప్లేటు తీసుకుని లేచిపోతాం.

ఇక్కడ టోనీని మర్చిపోకండి. పోయిన ఆల్బమ్‌లో తన గురించి రాసిన పాటలకి బేస్ వాయించాడు. ఈ ఆల్బమ్‌లో ఆమె వేరే అతన్ని పెళ్లి చేసుకోవాలని పాడుతుంటే, దానికీ బేస్ వాయించాడు. పక్కన ఊరికే నిలబడి కాదు, చాలా పాటల్లో ట్యూన్ కట్టడంలో తన చెయ్యి ఉంది. సింగర్ ఒకమ్మాయి, వెనకాల ముగ్గురు అబ్బాయిలు, అందులో ఒకడు మాజీ. వాళ్లు "మాకెందుకీ పెళ్లి గోల, గెంతే పాటలు చేద్దాం" అని ఉండొచ్చు. అనలేదు. ఈ ఆల్బమ్ ఎదిగింది అని నేనంటే గ్వెన్ ఒక్కదాని గురించే కాదు, ఆ ముగ్గురి ఓపిక గురించి కూడా.

మరి స్కా ఎక్కడికి పోయింది? తగ్గింది, కానీ పోలేదు. "బాత్‌వాటర్" వినండి. ట్రంపెట్ల ఊపు ఉంటుంది, పాతకాలపు క్యాబరే నడక ఉంటుంది. పాట విషయం మాత్రం, ప్రియుడి పాత ప్రేమకథలన్నీ తెలిసి కూడా ఇంకా అతని వెనకే తిరుగుతున్న మనిషి తనని చూసి తనే నవ్వుకోవడం. "ఎక్స్-గర్ల్‌ఫ్రెండ్" స్పానిష్ గిటార్‌లా మొదలై, మధ్యలో దాదాపు రాప్ లాగా పరిగెడుతుంది. ఇంకా కలిసి ఉండగానే "నేను నీ మాజీల లిస్టులో చేరేదాన్నే" అని ముందే ఏడ్చుకునే పాట. దీన్నే మొదటి సింగిల్‌గా వదిలారు.

అన్నీ బాగున్నాయని చెప్పను. 14 పాటలు ఎక్కువ. రెండో సగంలో ఒకటి రెండు తీసేసినా ఎవరికీ తెలిసేది కాదు. "స్టేరింగ్ ప్రాబ్లమ్" నేనైతే స్కిప్ కొడతా.

ఇక రిజల్ట్. ఆల్బమ్ బిల్‌బోర్డ్‌లో రెండో స్థానంలో దిగింది, మొదటి వారం సుమారు 2 లక్షల కాపీలు. మామూలుగా అయితే పండగే. కానీ ఆ సమయంలో నంబర్ వన్ సీట్లో ఎన్‌సింక్ కూర్చుని ఉంది. వాళ్ల ఆల్బమ్ మొదటి వారంలోనే 24 లక్షలు! రేడియోలో ఒకపక్క బాయ్ బ్యాండ్లు, బ్రిట్నీ, ఇంకోపక్క లింప్ బిజ్‌కిట్ లాంటి అరుపులు. 1997 నాటి స్కా జ్వరం అప్పటికే దిగిపోయింది. పెళ్లి గురించి బెంగపడే ముప్పై ఏళ్ల మనిషికి మధ్యలో జాగా ఎక్కడ? "సింపుల్ కైండ్ ఆఫ్ లైఫ్" హాట్ 100లో 38 దగ్గర ఆగింది. ఆల్బమ్ అమెరికాలో పది లక్షలు దాటి ప్లాటినమ్ అయింది. పోయినదానికి కోటి. బెస్ట్ రాక్ ఆల్బమ్‌కి గ్రామీ నామినేషన్ వచ్చింది, అవార్డు ఫూ ఫైటర్స్ పట్టుకెళ్లారు.

అందుకే "తేలిపోయింది" అన్న పేరు. కోటితో పోలిస్తే ఏదైనా తేలిపోయినట్టే ఉంటుంది. పది లక్షలమంది డబ్బులిచ్చి కొన్న దాన్ని ఫ్లాప్ అనాలంటే పక్కన కోటి ఉండాలి. వీళ్ల దురదృష్టం ఏంటంటే, ఆ కోటి వాళ్లదే.

ఆ తర్వాత వాళ్లు జమైకా వెళ్లారు. స్కా పుట్టిన చోటికే. స్లై అండ్ రాబీ లాంటి అక్కడి దిగ్గజాలతో పనిచేసి, 2001 డిసెంబర్‌లో "రాక్ స్టెడీ" తెచ్చారు. డాన్సులు, పార్టీ. "హే బేబీ", "అండర్‌నీత్ ఇట్ ఆల్" రెండిటికీ గ్రామీలు. మళ్లీ హిట్. నాకేమనిపిస్తుందంటే, కడుపులో ఉన్నదంతా ముందు ఆల్బమ్‌లో కక్కేశారు కాబట్టే ఇక్కడ అంత తేలిగ్గా ఆడగలిగారు. ఇది నా ఊహే, వాళ్లు చెప్పింది కాదు.

2002లో గ్వెన్, గావిన్ పెళ్లి చేసుకున్నారు. ముగ్గురు కొడుకులు. 2016లో విడాకులయ్యాయి. కాబట్టి ఆ పాటల్ని ఇప్పుడు వింటే ఇంకో రకంగా వినిపిస్తాయి. టోనీ? 2000ల మధ్యలో గ్వెన్ సోలో ఆల్బమ్‌కి కూడా వచ్చి పాటలు కట్టాడు. ఆ ఆల్బమ్‌లో "కూల్" అనే పాట ఉంది, విడిపోయాక మిగిలిన స్నేహం గురించి. అది టోనీ గురించే.

2024 ఏప్రిల్‌లో కోచెల్లా ఫెస్టివల్‌లో నో డౌట్ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ కలిసి వాయించింది. మధ్యలో ఒలీవియా రోడ్రిగో స్టేజ్ మీదికి పరిగెత్తుకొచ్చింది. ఆ అమ్మాయి పుట్టింది 2003లో. గ్వెన్‌తో కలిసి పాడటానికి ఏ పాటైనా పెట్టుకోవచ్చు. "డోంట్ స్పీక్" ఉంది, "జస్ట్ ఎ గర్ల్" ఉంది. వాళ్లు పాడింది "బాత్‌వాటర్". తేలిపోయిందన్న ఆల్బమ్‌లోది.

మీరు వినాలనుకుంటే "సింపుల్ కైండ్ ఆఫ్ లైఫ్"తో మొదలుపెట్టండి, వెంటనే "బాత్‌వాటర్" పెట్టండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్‌తో వినండి, లేకపోతే టోనీ బేస్ వినపడదు. మీ ఇంట్లో కూడా ఎవరికైనా ఏలినాటి శని నడుస్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మా అమ్మకి నేను పంపాను. "పిల్ల బాగా పాడింది, ఆ జుట్టేంటే?" అని రిప్లై వచ్చింది.